మోసపోయినా అకౌంట్ పోకూడదంటే

తెలియని లింకులు నొక్కకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి, జాగ్రత్తగా ఉండండి. సైబర్ భద్రత గురించి ఎక్కడ చదివినా ఈ మూడు మాటలే కనిపిస్తాయి. తప్పు మాటలేం కావు. కానీ అంతా మనిషి జాగ్రత్త మీదే వదిలేస్తే కుదరదు. నిద్ర చాలని రోజున, చేతిలో పది పనులున్నప్పుడు, మనం ఎదురుచూస్తున్న పార్సిల్ గురించే మెసేజ్ వస్తే ఎంత తెలిసినవాళ్లయినా నొక్కేస్తారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లూ నొక్కుతారు. నొక్కి, పాస్‌వర్డ్ కూడా కొట్టేశాక అకౌంట్ ఇంకా మన చేతిలోనే ఉండాలంటే ముందుగా ఏం చేసి పెట్టుకోవాలి? నా దృష్టిలో అసలు ఆలోచించాల్సింది అదే.

2022లో ట్విలియో, క్లౌడ్‌ఫ్లేర్ అనే రెండు కంపెనీల ఉద్యోగులకు ఇంచుమించు ఒకే సమయంలో ఒకే తరహా ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. వాటిలోని లింకు నొక్కితే కంపెనీ లాగిన్ పేజీని అచ్చుగుద్దినట్టున్న నకిలీ పేజీ తెరుచుకుంటుంది. రెండు చోట్లా కొందరు నమ్మి వివరాలు కొట్టారు. ట్విలియోలో దొంగలు లోపలికి వెళ్లి కొందరు కస్టమర్ల సమాచారం చూడగలిగారు. క్లౌడ్‌ఫ్లేర్‌లో ముగ్గురు ఉద్యోగులు పాస్‌వర్డ్ ఇచ్చేసినా దొంగలు లోపలికి రాలేకపోయారు. అక్కడ లాగిన్ అవ్వాలంటే కంప్యూటర్‌కి తగిలించే చిన్న హార్డ్‌వేర్ కీ ఉండాలి. ఆ కీ నకిలీ సైటుకి జవాబివ్వదు. ఆ ముగ్గురూ మిగతావాళ్లలాగే మోసపోయారు, కానీ వాళ్ల చుట్టూ ఉన్న ఏర్పాటు వేరు.

మొదట ఈమెయిల్

బ్యాంకు యాప్ కంటే ముందు చూసుకోవాల్సింది ఈమెయిల్‌ని. మీకున్న దాదాపు ప్రతి అకౌంట్‌లోనూ 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే వచ్చే లింకు మెయిల్‌కే వస్తుంది. మెయిల్ చేతికి చిక్కితే మిగతావన్నీ ఒక్కొక్కటిగా రీసెట్ చేసుకుంటూ పోవచ్చు.

మెయిల్ సెట్టింగ్స్‌లో చాలామంది ఎప్పుడూ తెరవని చోటు ఫిల్టర్లు, ఫార్వార్డింగ్. మెయిల్‌లోకి దూరిన దొంగ మొదట చేసే పనుల్లో ఒకటి అక్కడ ఒక రూల్ పెట్టడం. ఫలానా బ్యాంకు నుంచో, 'సెక్యూరిటీ', 'ఇన్‌వాయిస్' లాంటి మాటలతోనో వచ్చే మెయిల్స్ ఇన్‌బాక్స్‌లో కనిపించకుండా, చదివేసినట్టు గుర్తు పడి, నేరుగా ట్రాష్‌లోకో ఆర్కైవ్‌లోకో పోయేలా చేస్తాడు. లేదా ప్రతి మెయిల్ కాపీ తన అడ్రస్‌కి వెళ్లేలా పెడతాడు. మీరు అనుమానం వచ్చి పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ అలాగే ఉండిపోతుంది. అందుకని పాస్‌వర్డ్‌తో పాటు ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ అడ్రస్, రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్, అకౌంట్‌కి అనుమతి ఉన్న బయటి యాప్‌లు, యాప్ పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా అన్నీ తెరిచి చూడండి. రికవరీలో ఎప్పుడో వదిలేసిన నంబరు ఉంటే ఇప్పుడే తీసేయండి. వదిలేసిన నంబర్లను కొన్నాళ్ల తర్వాత టెలికాం కంపెనీలు వేరేవాళ్లకి ఇస్తాయి.

ఒకే పాస్‌వర్డ్ పలుచోట్ల

ఎవరో కూర్చుని మీ పాస్‌వర్డ్ ఊహించడం అరుదు. మీరు మర్చిపోయిన ఏదో చిన్న సైటు నుంచి లక్షల పాస్‌వర్డ్‌లు లీకవుతాయి. ఒక ప్రోగ్రామ్ ఆ జాబితా తీసుకుని మెయిల్, షాపింగ్, సోషల్ మీడియా సైట్లన్నిటిలో వరసగా కొట్టి చూస్తుంది. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా ఉన్నవున్నట్టు బయటపడ్డాయి. పాస్‌వర్డ్‌లు ఛేదించే పనిలో ఆ జాబితాను ఇప్పటికీ వాడుతున్నారు. 2021 మేలో అమెరికాలో కలోనియల్ అనే పెట్రోలు సరఫరా పైప్‌లైన్ కొన్ని రోజులు ఆగిపోయి పెట్రోలు కొరత వచ్చింది. అందులోకి దొంగలు వచ్చిన దారి అప్పటికి వాడకంలో లేని, బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే ఒక వీపీఎన్ అకౌంట్. దాని పాస్‌వర్డ్ లీకైన పాస్‌వర్డ్‌ల మధ్య కనిపించింది. ఆ అకౌంట్‌కి టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తనిఖీ) లేదు. కంపెనీ దొంగలకి 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

ఒకే పాస్‌వర్డ్‌కి చివర 1 బదులు 2 పెట్టడం, సైటు పేరులో మూడక్షరాలు కలపడం, 'ఎ' ఉన్నచోట '@' పెట్టడం వల్ల లాభం లేదు. మనుషులు చేసే ఈ మార్పులన్నీ ఛేదించే టూల్స్‌లో ముందే రూల్స్‌గా రాసి ఉంటాయి. మూడు నెలలకోసారి బలవంతంగా మార్పించడం కూడా ఇలాంటి చిన్నచిన్న మార్పులకే దారితీస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, లీకైన ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించొద్దని తన మార్గదర్శకాల్లో రాసింది.

పరిష్కారం పాస్‌వర్డ్ మేనేజర్. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్, కీపాస్, లేదా బ్రౌజర్‌లోనే ఉన్నది, ఏదైనా సరే. ఒక్కో సైటుకి 20 అక్షరాల అర్థంపర్థం లేని పాస్‌వర్డ్ అదే తయారుచేసి గుర్తుపెట్టుకుంటుంది. దీనితో ఇంకో పెద్ద మేలుంది. మేనేజర్ పేజీ రూపాన్ని చూడదు, అడ్రస్‌ని చూస్తుంది. నకిలీ పేజీ ఎంత అచ్చంగా ఉన్నా అడ్రస్ వేరు కాబట్టి పాస్‌వర్డ్ నింపదు. రోజూ తనంతట తాను నింపే మేనేజర్ ఒకరోజు నింపకపోతే, కాపీ చేసి అతికించకుండా అక్కడే ఆగండి. ముందు అడ్రస్ చదవండి.

మేనేజర్‌కి పెట్టే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే మీరు గుర్తుపెట్టుకోవాలి, కాబట్టి దాన్ని గట్టిగా పెట్టుకోండి. డైస్‌వేర్ పద్ధతి నాకు నచ్చుతుంది. పాచికను ఐదుసార్లు వేసి వచ్చిన అంకెలతో 7,776 మాటల జాబితాలోంచి ఒక మాట తీసుకుంటారు. అలా ఆరు మాటలు. మీరు ఎంచుకోకూడదు, పాచికే ఎంచాలి. మనకు నచ్చి ఎంచుకున్నది ఇంకొకరికీ తట్టే అవకాశం ఉంటుంది. పాట పల్లవులు, సామెతలు వద్దు, అవి ఛేదించే జాబితాల్లో ఉంటాయి.

మేనేజర్‌నే కొల్లగొడితే అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, అలా జరిగింది కూడా. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి కస్టమర్ల ఎన్‌క్రిప్ట్ చేసిన వాల్ట్‌ల (పాస్‌వర్డ్‌లు దాచిన పెట్టెల) కాపీలు దొంగల చేతికి వెళ్లాయి. మాస్టర్ పాస్‌వర్డ్‌ని తాళంగా మార్చేటప్పుడు ఒక లెక్కను వేలసార్లు తిప్పుతారు, ప్రతి ఊహకీ దొంగకి సమయం పట్టాలని. కొత్త అకౌంట్లలో అది 1,00,100 సార్లు ఉంటే, కొన్ని పాత అకౌంట్లలో 5,000 దగ్గరే, ఇంకొన్నిట్లో అంతకన్నా తక్కువ దగ్గరే ఆగిపోయి ఉంది. అదే పద్ధతికి భద్రతా నిపుణుల సంస్థ ఓవాస్ప్ సూచిస్తున్నది 6,00,000. మీ మేనేజర్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఈ సంఖ్య చూడండి, ఆర్గాన్2 అనే ఎంపిక ఉంటే దానికి మారండి. మాస్టర్ పాస్‌వర్డ్ పొడుగ్గా, యాదృచ్ఛికంగా ఉన్నవాళ్లకి కాపీ దొంగ చేతికి పోయినా ఛేదించడం ఆచరణలో అసాధ్యం.

మీ మెయిల్ ఏ లీకుల్లో ఉందో చూసుకోవడానికి భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటు ఉంది. అందులో పాస్‌వర్డ్ తనిఖీ కూడా ఉంది. పాస్‌వర్డ్ వాళ్లకి పంపదు. దాన్నుంచి లెక్కకట్టిన హ్యాష్ అనే గుర్తులో మొదటి 5 అక్షరాలే వెళ్తాయి, వాటితో మొదలయ్యే హ్యాష్‌లన్నీ వెనక్కి వస్తాయి, పోల్చడం మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది.

రెండో అంచె అన్నీ ఒకటి కావు

టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టామని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఏ రకం పెట్టారన్నదే ముఖ్యం.

ఎస్సెమ్మెస్ కోడ్ అన్నిటికంటే బలహీనం. ఏమీ లేనిదానికన్నా నయమే, ఇంకేదీ లేకపోతే ఇదే పెట్టుకోండి. కానీ టెలికాం సిబ్బందిని నమ్మించో కొనేసో మీ నంబరుని వేరే సిమ్‌లోకి మార్చుకుంటే కోడ్‌లన్నీ దొంగకే వస్తాయి. 2019లో ట్విటర్ సీఈఓగా ఉన్న జాక్ డోర్సీ అకౌంటే సిమ్ స్వాప్‌తో కొంతసేపు వేరేవాళ్ల చేతిలోకి పోయింది. మీ ఫోన్‌లో కారణం లేకుండా సిగ్నల్ పూర్తిగా పోయి, పక్కనే అదే కంపెనీ సిమ్ ఉన్నవాళ్లకి వస్తోందంటే వేచి చూడకండి. ఇంకో ఫోన్‌లోంచి టెలికాం కంపెనీకి, బ్యాంకుకి ఫోన్ చేయండి. సిమ్ మార్పుకి పిన్ గానీ లాక్ గానీ ఇచ్చే కంపెనీ అయితే ముందే పెట్టించుకోండి.

అథెంటికేటర్ యాప్ కోడ్‌కి సిమ్‌తో పనిలేదు. మొదట స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లోని రహస్యాన్నీ, ప్రస్తుత సమయాన్నీ కలిపి 30 సెకన్లకోసారి ఆరంకెలు లెక్కిస్తుంది. కోడ్ సరైనదే అయినా సైటు ఒప్పుకోకపోతే ఎక్కువగా కారణం ఫోన్ గడియారం తప్పడమే. టైమ్‌ని ఆటోమేటిక్‌లో పెట్టండి, సర్దుకుంటుంది. దీని లోటు వేరేచోట ఉంది. నకిలీ సైటు మధ్యవర్తిలా నిలబడి మీరు కొట్టిన పాస్‌వర్డ్, కోడ్ అప్పటికప్పుడు అసలు సైటులో కొట్టేస్తుంది. 30 సెకన్లు దానికి చాలా ఎక్కువ సమయం.

'లాగిన్ అవుతున్నది మీరేనా' అని ఫోన్‌లో అడిగే నోటిఫికేషన్‌దీ ఇదే కథ. పైగా దొంగ అర్ధరాత్రి వరసగా పంపిస్తూ పోతే విసుగెత్తి ఎవరో ఒకరు 'అవును' నొక్కుతారు. 2022 సెప్టెంబరులో ఉబర్‌లోకి ఒకతను అలాగే దూరాడు. మీరు లాగిన్ అవ్వకుండానే అలాంటి నోటిఫికేషన్ వస్తోందంటే మీ పాస్‌వర్డ్ అప్పటికే బయటికి పోయిందని అర్థం. 'కాదు' నొక్కి, వెంటనే మార్చండి.

పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే తాళం), హార్డ్‌వేర్ కీ మాత్రం వేరే జాతి. రహస్య తాళం మీ పరికరంలో ఉంటుంది, సైటుకి వెళ్లేది సంతకం ఒక్కటే. ఆ సంతకం సైటు అడ్రస్‌తో ముడిపడి ఉంటుంది. నకిలీ అడ్రస్‌కి తగిన తాళం అసలు దొరకదు కాబట్టి మీరు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు. క్లౌడ్‌ఫ్లేర్‌ని కాపాడింది ఇదే. మెయిల్‌కి, పాస్‌వర్డ్ మేనేజర్‌కి, ఫోన్ క్లౌడ్ అకౌంట్‌కి ఈరోజే పెట్టుకోండి.

కానీ పాస్‌కీ పెట్టి ఎస్సెమ్మెస్‌ని అలాగే ఉంచితే చేసిన పని సగమే. దొంగ లాగిన్ పేజీలో 'మరో పద్ధతి ప్రయత్నించండి' నొక్కి ఎస్సెమ్మెస్‌నే ఎంచుకుంటాడు. కాబట్టి ఈ వరసలో చేయండి: పాస్‌కీ రెండు పరికరాల్లో పెట్టండి, హార్డ్‌వేర్ కీ అయితే రెండు కొని రెండూ నమోదు చేయండి. ఫోన్ గానీ కీ గానీ లేనప్పుడు వాడే బ్యాకప్ కోడ్‌లు తీసుకుని కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఆ కోడ్‌లలో ఒకటి వాడి నిజంగా లాగిన్ అవుతోందో లేదో చూడండి. ఆ తర్వాతే ఎస్సెమ్మెస్‌ని తీసేయండి. వరస తప్పితే ఫోన్ పోయిన రోజున మీరే బయట ఉండిపోతారు.

పాస్‌వర్డ్ అడగని దొంగతనం

ఒకసారి లాగిన్ అయ్యాక సైటు మీ బ్రౌజర్‌లో ఒక కుకీ పెడుతుంది. మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకపోవడానికి కారణం అదే. ఆ కుకీని కాపీ చేసుకుంటే పాస్‌వర్డ్‌తోనూ పాస్‌కీతోనూ పని లేకుండానే చాలా సైట్లలో మీరుగా చలామణి అవ్వొచ్చు. ఇన్ఫోస్టీలర్లు అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చేసేది ఈ పనే. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌లో, గేమ్ చీట్‌లలో, పీడీఎఫ్ అని చెప్పి పంపిన ఫైళ్లలో వస్తుంది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ని దాచేస్తుంది. అందువల్ల 'ఒప్పందం.పీడీఎఫ్.ఎస్‌సీఆర్' అనే ప్రోగ్రామ్ మీకు 'ఒప్పందం.పీడీఎఫ్'గా కనిపిస్తుంది. విండోస్ 11 అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, తర్వాత షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేయండి.

ఈ మధ్య దీనికే ఇంకో దారి పట్టారు. ఏదో పేజీ తెరవగానే 'మీరు రోబో కాదని నిరూపించండి' అనే పెట్టె వస్తుంది. దాన్ని నొక్కగానే పేజీ ఒక కమాండ్‌ని మీకు తెలియకుండా క్లిప్‌బోర్డ్‌లోకి ఎక్కిస్తుంది. తర్వాత సూచనలు: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. మొదటిది రన్ పెట్టె తెరుస్తుంది, రెండోది కమాండ్‌ని అతికిస్తుంది, మూడోది నడిపిస్తుంది. మాల్వేర్‌ని నడిపించింది మీ చేతులే కాబట్టి డౌన్‌లోడ్ చేసేటప్పుడు బ్రౌజర్ ఇచ్చే హెచ్చరికలేవీ రావు. కమాండ్ చివర్లో 'నేను రోబోని కాదు' అనే మాటలు తగిలిస్తారు, ఆ చిన్న పెట్టెలో ఆ తోకే కనబడాలని. ఏ నిజమైన తనిఖీ కూడా రన్ పెట్టెని గానీ టెర్మినల్‌ని గానీ తెరవమనదు. ఇంట్లో పిల్లలకీ పెద్దవాళ్లకీ ఈ ఒక్కటి తప్పకుండా చూపించండి.

అడ్రస్ చదవడం కూడా నేర్పాలి. 'మైబ్యాంక్.కామ్.లాగిన్-చెక్.నెట్/ఖాతా' అని ఉందనుకోండి. మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. అసలు యజమాని లాగిన్-చెక్.నెట్. ముందున్న మైబ్యాంక్ అలంకారం. తాళం గుర్తు ఉంది కదా అనకండి. దాని అర్థం దారిలో ఎవరూ వినలేరని మాత్రమే, అవతల ఉన్నది మంచివాడని కాదు. ఆ సర్టిఫికెట్లు ఉచితంగా, నిమిషాల్లో ఎవరికైనా దొరుకుతాయి. ఈ అపోహ వల్లే 2023లో క్రోమ్ తాళం గుర్తునే తీసేసింది.

ఫోన్‌లో అయితే యాక్సెసిబిలిటీ అనుమతి అడిగే యాప్‌లతో జాగ్రత్త. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం అది. దానితో యాప్ తెర మీదున్నది చదవగలదు, మీ బదులు నొక్కగలదు. స్టోర్ బయటి నుంచి దింపిన యాప్ ఆ అనుమతి అడిగితే తీసేయండి. సెట్టింగ్స్‌లో ఇప్పటికే ఎవరికి ఇచ్చి ఉన్నారో కూడా చూడండి.

ఫైళ్లు, రౌటర్

2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే మాల్వేర్) ప్రపంచమంతా పాకి, బ్రిటన్‌లో ఆసుపత్రుల పని కూడా ఆగిపోయింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. రెండు నెలలు ఆలస్యం చేసినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. ఆటోమేటిక్ అప్‌డేట్‌లు పెట్టేయండి, ఇందులో ఇంతకుమించి ఆలోచించాల్సింది లేదు.

బ్యాకప్‌లో మాత్రం ఉంది. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అనుకోవడం పెద్ద పొరపాటు. ర్యాన్సమ్‌వేర్ ఫైళ్లను పాడుచేస్తే సింక్ ఆ పాడైన కాపీల్నే పైకి ఎక్కిస్తుంది. పాత వెర్షన్లు కనీసం 30 రోజులు ఉంచే సర్వీసు అయితే కొంత నయం. అసలు పద్ధతి 3-2-1: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, అందులో ఒకటి వేరే చోట. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎప్పుడూ తగిలించి ఉంచొద్దు, కంప్యూటర్‌కి కనిపించేదంతా మాల్వేర్‌కీ కనిపిస్తుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్వేర్ మార్స్క్ షిప్పింగ్ కంపెనీ నెట్‌వర్క్‌ని తుడిచిపెట్టింది. లాగిన్‌లన్నీ చూసే డొమైన్ కంట్రోలర్లలో మిగిలింది ఘానాలోని ఒక్కటే. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేదు. మిగతా అన్నీ ఒకదానికొకటి కాపీలే, అన్నీ కలిసే పోయాయి. తగిలించి లేని కాపీ విలువ అది. మూడు నెలలకోసారి ఓ ఫోల్డర్‌ని నిజంగా వెనక్కి తెచ్చి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

రౌటర్‌కి నాలుగు పనులు: అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయడం, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కో పిన్ కొట్టో వైఫై కలిపే సౌకర్యం) ఆపడం, బయటి నుంచి అడ్మిన్ పేజీ తెరుచుకోకుండా చేయడం. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితాతోనే లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది. ఆపి ఆన్ చేస్తే అది పోతుంది. పాస్‌వర్డ్ మార్చకపోతే నిమిషాల్లో తిరిగొస్తుంది.

జరిగిపోయాక మొదటి గంట

అనుమానం ఉన్న కంప్యూటర్‌లోంచి పాస్‌వర్డ్ మార్చకండి. మాల్వేర్ ఉంటే కొత్తదీ వెళ్లిపోతుంది. దాన్ని ఇంటర్నెట్ నుంచి తీసేసి వేరే పరికరం తీసుకోండి. డబ్బు పోతోందంటే ముందు బ్యాంకుకి ఫోన్, కార్డు మీదున్న నంబరుకే గానీ మెసేజ్‌లో వచ్చినదానికి కాదు. వెంటనే మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' నొక్కండి. ఇది నొక్కకపోతే దొంగిలించిన కుకీ చాలాచోట్ల ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. తర్వాత ఫిల్టర్లు, ఫార్వార్డింగ్, రికవరీ వివరాలు. ఆ తర్వాత మేనేజర్, సోషల్ మీడియా, మిగతావి. మెసేజ్‌లు, లావాదేవీల స్క్రీన్‌షాట్లు తీసుకోకుండా ఏదీ డిలీట్ చేయొద్దు, ఫిర్యాదుకి అవే ఆధారం. ఇన్ఫోస్టీలర్ పడిన కంప్యూటర్‌ని యాంటీవైరస్ 'శుభ్రం' అన్నా నేను నమ్మను. ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మంచిది.

డబ్బు పోయిన కొద్దిరోజుల్లో 'మీ డబ్బు వెనక్కి తెస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి' అని ఎవరో ఫోన్ చేయొచ్చు. మోసపోయినవాళ్ల జాబితాలు కూడా అమ్ముడవుతాయి. ఆ ఫోన్ చేసేది చాలావరకు అదే ముఠా, లేదా వాళ్ల దగ్గర జాబితా కొన్నవాళ్లు.